పార్కులోకి కుక్కను రానివ్వకూడదా? రానిచ్చి ఎత్తించాలా?

విజయనగరంలో కాలనీ సంఘాల వాళ్లు ఎక్కడ కలిసినా ఈమధ్య నన్ను ఇదే అడుగుతున్నారు. పార్కు గేటుకి ‘కుక్కలకు ప్రవేశం లేదు’ అని బోర్డు తగిలించేస్తే గొడవ వదిలిపోదా? లేక రానిచ్చి, దొడ్డికి వెళితే యజమానే ఎత్తాలి, ఎత్తకపోతే జరిమానా అని పెట్టాలా?

నిషేధంలో వాదనకి తావుండదు. కుక్క లోపలుంటే తప్పు, బయటుంటే ఒప్పు. పార్కు చిన్నదై, పిల్లలు ఇసుకలో ఆడే చోటుంటే, ఆ భాగం వరకు నేనూ వద్దనే అంటాను. పార్కంతా మూసెయ్యాలంటే మాత్రం ఆలోచించాలి. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు పార్కుల్లో పెంపుడు జంతువుల్ని నిషేధించడం ముందుచూపు లేని పని అంటాయి, కావాలంటే వేళలు పెట్టుకోమంటాయి. సంఘాలు సొంతంగా జరిమానాలు వెయ్యడాన్నీ అవి ఒప్పుకోవు. రసీదు పుస్తకాలు అచ్చు వేయించే ముందు ఈ సంగతి చూసుకోండి. జరిమానా కావాలంటే కార్పొరేషన్‌ని అడగాలి.

ఇంతకీ నాకు ముఖ్యంగా కనిపించేది చట్టం కాదు, మట్టి. గేటు మూసినంత మాత్రాన కుక్క దొడ్డికి వెళ్లడం మానదు కదా. పక్కనున్న ఖాళీ సైటులోకో, చెరువు గట్టు మీదికో తీసుకెళ్తారు. మన గుంటలు చెప్పుల్లేకుండా క్రికెట్ ఆడేది ఆ సైటులోనే. అయ్యకోనేరు లాంటి చోట గట్టు మీద పడింది వానకి నీళ్లలోకే పోతుంది.

కుక్క మలంలో ఉండే ఏలికపాము గుడ్లు పడిన రోజే మనకి అంటుకోవు. మట్టిలో రెండు మూడు వారాలు ఉన్నాక ఆ దశకి వస్తాయి. తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. అంటే కంటికి కనబడి అసహ్యం పుట్టించే రోజు కంటే, ఎండి మట్టిలో కలిసిపోయాకే అసలు ప్రమాదం. అదే మలంలో ఉండే కొంకిపురుగు (హుక్‌వార్మ్) పిల్లలైతే ఇంకా తొందరగా తయారై, ఉత్త పాదాల చర్మంలోంచే దూరిపోతాయి. ఏ రోజుది ఆ రోజు ఎత్తేస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. నిషేధం చేసేదల్లా దాన్ని పక్క వీధికి పంపడమే. అందుకే నా ఓటు ఎత్తించే నిబంధనకి.

అయితే ఎత్తమని బోర్డు పెట్టి ఊరుకుంటే కూడా పని జరగదు. ఎత్తింది ఎక్కడ వెయ్యాలి? చెత్త బండి ఇంటికే వస్తోందని చాలా వీధుల్లో కుండీలు తీసేశారు. తెల్లవారుజామున కవరు చేత్తో పట్టుకుని నిలబడినాయన ఏం చేస్తాడు? ముడేసి కంచెకి తగిలించి పోతాడు. ఎత్తకపోయినా కొంత నయం, ప్లాస్టిక్ అయినా ఉండేది కాదు! గేటు దగ్గర మూతున్న కుండీ ఒకటి పెట్టి, రోజూ ఖాళీ చేసే మనిషిని చూడండి. అది కుదరకపోతే పాత పేపరుతో ఎత్తి ఇంటికి తెచ్చి, మలాన్ని లెట్రిన్‌లో వేసి నీళ్లు కొట్టడం మేలు. కూరపాదులకి ఎరువుగా మాత్రం వెయ్యకండి.

వేళలు పెట్టడం మూడో దారి. గొడవలు తగ్గుతాయి, మట్టికి మాత్రం ఒరిగేదేమీ లేదు. ఎత్తే నిబంధనకి తోడుగా పెట్టుకోవచ్చు.

‘వీధికుక్కలవి ఎవరెత్తుతారు?’ అని ప్రతి మీటింగులో ఒకరు లేస్తారు. పారిశుద్ధ్య కార్మికులే, వేరే దారి లేదు. వాటి సంఖ్య తగ్గించడానికి 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం కార్పొరేషన్ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు చేయించాలి. అది వేరే పోరాటం. అంతవరకు పెంపుడు కుక్కల సంగతి వాయిదా వెయ్యక్కర్లేదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా బెల్టు తప్పనిసరి అని బోర్డులో మొదటి వరుసలోనే రాయించండి. పెంచిన జంతువుని నిర్లక్ష్యంగా వదిలి మనుషులకి ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దీనికి కొత్తగా ఏ తీర్మానమూ అక్కర్లేదు.