నిమ్మగడ్డి కొవ్వొత్తి: మూడేళ్ళు ఇంట్లో పోశాక

మూడేళ్ళలో వంద దాటి కొవ్వొత్తులు పోశాను. మాది విజయవాడ, పనంతా వంటగట్టు మీదే. ముందుగా ఒక మాట చెప్పాలి. అసలైన సుగంధ తైలాలతో చేసిన కొవ్వొత్తి షాపులో కొన్నదానిలా ఇల్లంతా గుప్పుమనదు. పడగ్గదిలో తలుపు దగ్గరగా వేసి వెలిగిస్తే అరగంటకి వాసన తెలుస్తుంది. హాల్లో పెడితే పక్కన కూర్చున్నవాళ్ళకి తప్ప తెలియదు. షాపువాటిలో ఎక్కువగా వేసేది కొవ్వొత్తి కోసమే తయారుచేసిన సెంటు. మనం వేసేది ఆకునో మొగ్గనో ఆవిరి పట్టి తీసిన నూనె, అందులో తేలికైన భాగం వేడికి ముందే ఎగిరిపోతుంది. ఈ తేడాకి మనసు సర్దుకున్నాకే నాకు ఈ పని మీద ఇష్టం కుదిరింది.

మొదటి ఆరు నెలలూ లావెండర్ మీదే పోయాయి. 10 మిల్లీలీటర్ల సీసా నేను కొన్నప్పుడు 280 రూపాయలు. 200 గ్రాముల మైనానికి 6 శాతం లెక్కన 12 గ్రాముల నూనె కావాలి, అంటే దాదాపు సీసాన్నర. ఒక్క కొవ్వొత్తికి నూనె ఖర్చే 400 దగ్గరికి వచ్చింది. అంతా పెట్టి వెలిగిస్తే సబ్బు వాసన లాంటిది లీలగా వచ్చి పోయేది. నీలగిరి తైలం పోసిన రోజు కళ్ళు మండేంత ఘాటు. రెండు వారాల తర్వాత వెలిగిస్తే ఏమీ లేదు. నారింజ నూనెదీ అదే దారి. ఈ రెండూ 50 డిగ్రీల దగ్గరే మంట అంటుకునేంత ఆవిరి వదులుతాయి, కాబట్టి వేడి మైనంలో వెయ్యడం క్షేమం కూడా కాదు. ఇక మల్లె ఎసెన్షియల్ ఆయిల్ అని వందా నూటయాభైకి అమ్మేది దయచేసి కొనకండి. మల్లెల వాసన ఆవిరి పడితే నిలవదు, రసాయన ద్రావణిలో కరిగించి తీస్తారు. దాని ధర ఆ దరిదాపుల్లో ఉండదు.

దారి చూపించింది నిమ్మగడ్డి. మన రెండు రాష్ట్రాల్లోనూ పండే పంట. హైదరాబాదు బోడుప్పల్‌లో సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రం పనిచేసేది ఇలాంటి పంటల మీదే. ఆకుని ఆవిరి పట్టి నూనె తీస్తారు, అందులో ముప్పాతిక వంతు దాకా సిట్రాల్ ఉంటుంది. నిమ్మ వాసన దానిదే. నాకు 100 మిల్లీలీటర్లు 350కి దొరికింది, ఏడు కొవ్వొత్తులకి వస్తుంది. అంటే ఒక్కో కొవ్వొత్తికి అప్పట్లో నూనెకి 50, సోయా మైనానికి (సోయా చిక్కుడు నూనెతో చేసేది) 70, వత్తికి ఓ ఐదు పడింది. గాజు గ్లాసు మీ ఇంట్లో ఉన్నదే. వెలిగించిన ఇరవై నిమిషాలకి, అప్పుడే కడిగిన గచ్చు మీద నిమ్మకాయ కోసినట్టు ఉంటుంది.

లవంగ నూనె కూడా మంటకి నిలుస్తుంది. మొదటిసారి 12 గ్రాములూ అదే వేశాను. మా అత్తయ్య గదిలోకి వచ్చి, "ఏంటమ్మా, పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చినట్టుంది" అన్నారు. ఆవిడ ముక్కు నిజమే చెప్పింది. పళ్ళకి పెట్టే మందుల్లో ఉండే యూజెనాల్, లవంగంలో ఉండేదీ ఒకటే. వట్టివేరు నూనె తేనెలా సాగుతుంది. అదొక్కటే వేస్తే వత్తి ఊపిరాడనట్టు అయ్యి మంట కొడిగడుతుంది. ఇన్నాళ్ళకి కుదిరిన పాళ్ళు ఇవి: నిమ్మగడ్డి 9 గ్రాములు, లవంగం 2, వట్టివేరు 1. చుక్కల లెక్క వద్దు, గ్రాముల తూకం యంత్రం కొనుక్కోండి. అదీ, థర్మామీటరూ తప్ప ఈ పనికి కొన్న మిగతావన్నీ అటకెక్కాయి.

పెద్ద గిన్నెలో నీళ్ళు, అందులో స్టీలు జగ్గు, జగ్గులో మైనం రేకులు. నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టను. రేకులు ముందు అంచుల దగ్గర గాజులా మెరుస్తాయి, తర్వాత తెల్లటి గుట్ట మెల్లగా కుంగుతుంది, కాసేపటికి జగ్గులో అంతా కాచిన నెయ్యి రంగు. 75 డిగ్రీలకి స్టవ్ ఆపేస్తాను. 60కి దిగాక నూనె పోసి రెండు నిమిషాలు నురగ రాకుండా కలుపుతాను. ఒకసారి తొందరపడ్డాను. కలవని నూనె గ్లాసు అడుగున చేరింది, అడుక్కొచ్చేసరికి మంట ఒక్కసారిగా జానెడు లేచింది. మూత వేసి ఆర్పాను. మైనం మంట మీద నీళ్ళు మాత్రం చల్లకండి, ఎగిరి మీద పడుతుంది. అప్పటినుంచి అడుగున వేలు మందం మిగలగానే ఆపేస్తున్నాను.

పోశాక మూతపెట్టి రెండు వారాలు ఊరనివ్వాలి. కొత్తావకాయ మర్నాడే తింటే కారం కారంగా, ఉప్పు ఉప్పుగా ఉంటుంది చూడండి, ఇదీ అంతే.

దీపారాధన వత్తి పనికిరాదు, కరిగిన మైనంలో వాలిపోతుంది. అడుగున రేకు బిళ్ళ ఉండే కొవ్వొత్తి వత్తే తీసుకోండి. మొదటిసారి వెలిగించినప్పుడు పైమైనం అంచుదాకా కరిగేవరకూ ఆర్పొద్దు. 7 సెంటీమీటర్ల గ్లాసుకి మూడు గంటల దాకా పడుతుంది. మధ్యలో ఆర్పితే తర్వాతెప్పుడూ నడుమ బావిలా దిగుతుందే గాని అంచులు కరగవు.

మా ఊరి ఎండ వేరే పరీక్ష. గ్లాసులో పోసే సోయా మైనం 50 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మే నెలలో అటక మీద పెట్టిన ఎనిమిది కొవ్వొత్తులు పైన చెమట పట్టినట్టు నూనె కక్కాయి. ఇప్పుడు ఎండాకాలం పోసేవాటిలో ఐదో వంతు తేనెమైనం కలుపుతున్నాను. అది 62 డిగ్రీలు దాటితే గాని కరగదు. కాకపోతే దాని తేనె వాసన నిమ్మగడ్డిని కొంచెం అణుస్తుంది.

దోమలు పోతాయా అని అందరూ అడుగుతారు. మా ఇంట్లో పోలేదు, దోమతెర మానలేదు. కర్పూరం కలపొచ్చా అని పిన్ని అడిగింది. వద్దన్నాను, అది భగ్గుమని మసి కక్కుతుంది. పిల్లి ఉన్న ఇంట్లో లవంగం, నీలగిరి, టీట్రీ నూనెలు అసలు వాడకండి, పిల్లుల ఒంటికి అవి విషం. ఉబ్బసం ఉన్నవాళ్ళ గదిలో ఏ వాసనా వద్దు.

ఇంకా చేతికి చిక్కనిది దవనం. అమ్మ అడిగేది అదొక్కటే. నూనె తెప్పించి అర గ్రాము వేసి పోశాను. వెలిగిస్తే ముగ్గిన పండు వాసన తియ్యగా వచ్చింది గాని, కదంబం దండలో దవనం వాసన రాలేదు. మిగిలిన సీసా బీరువాలో చీకట్లో ఉంచాను. చలికాలం రాగానే దవనంతో పాటు వట్టివేరు మోతాదు పెంచి మళ్ళీ పోస్తాను.