కొన్న బూజు, ఊరికే వచ్చిన బూజు

మాది ఉరవకొండ దగ్గర పల్లె. ఒక ఆవు, మూడు ఎనుములు. మేతకు పోతే జోరీగలు, కొట్టంలో ఉంటే కాళ్లు కుట్టే ఈగలు. పాలు పితికేటప్పుడు పెద్ద ఎనుము తోక ఈగలకన్నా నాకే ఎక్కువగా తగిలేది. అనంతపురంలో ఒక దుకాణంలో ఈగలను చంపే బవేరియా అనే బూజు పొడి ఇస్తూ, "మూడు రోజుల తర్వాత ఒక్క ఈగ కనిపించినా వచ్చి అడగండమ్మా" అన్నాడాయన.

మే నెలలో కొన్న మొదటి ప్యాకెట్ దండగ. గ్రాముకు పది కోట్ల బీజాలని దానిమీద అచ్చు వేశారు. అవి ప్రాణమున్న బీజాలు. వీధివైపు అద్దాల అరలో ఎండకు మాడాక ఎన్ని బతికి ఉంటాయి? సెప్టెంబరులో లోపలి గదిలోని ప్యాకెట్ అడిగి తెచ్చుకున్నాను. దానిమీద పంటల పేర్లే ఉన్నాయి కాబట్టి పశువుల ఒంటిమీద చల్లలేదు. పొద్దు వాలాక పేడదిబ్బ అంచులకు, గోడలకు కొట్టాను. కొంచెం బెల్లం నీళ్లలో కలిపి, గోనెపట్టాలు తడిపి పశువులకు అందనంత ఎత్తున వేలాడదీశాను. ఆరో రోజుకు ఈగలు రాలడం మొదలైంది. తడిలో పడినవాటికి తెల్లటి నూగు పట్టింది. కొట్టంలో ఈగలు సగానికి తగ్గాయేమో, అంతే. జోరీగలకు చీమ కుట్టినట్టయినా లేదు. అవి పెరిగేది చెరువు అంచు బురదలో.

నవంబరులో ఒక ఉదయం దూలాలకు ఈగలు అతుక్కుని కనిపించాయి. రెక్కలు పైకెత్తి ఉన్నాయి, ఉబ్బిన పొట్టలమీద తెల్లని పట్టీలు, చుట్టూ పిండి చల్లినట్టు పొడి. మందు ఇప్పుడు పట్టిందని సంబరపడ్డాను. పశువుల డాక్టరుగారు చూసి నవ్వారు. అది ఎంటమాఫ్తొరా అనే వేరే బూజట, చల్లటి తేమకు దానంతటదే వస్తుందట. రోగం పట్టిన ఈగ సాయంత్రానికి ఎత్తుకెక్కి, నోటితో అతుక్కుని చస్తుంది. ఆ శవం బీజాలను చుట్టూ విసురుతుంది. ఫెర్డినాండ్ కోన్ అనే శాస్త్రవేత్త 1855లోనే దీన్ని వర్ణించారట. నేను డబ్బిచ్చి కొన్న ప్యాకెట్‌లో అది లేదు.

పొడికి నేనిచ్చేది అయిదు మార్కులకు రెండున్నర. వానాకాలంలో, నీడన దాచినదైతేనే కొనండి.

దుకాణంలో చెప్పని మాట ఇంకొకటి ఉంది. పట్టుపురుగులు సున్నపు కడ్డీల్లా బిగుసుకుని చచ్చే రోగానికి కారణం ఈ బవేరియానే. మిగిలిన అర కిలో మా ఆడపడుచు అడిగింది. వాళ్లింట్లో పట్టుపురుగుల తట్టలున్నాయి. ఇవ్వలేదు. ఇంకా మాట్లాడటం లేదు.