గుంజ ఏదైతే మేలు? భుజంలో వేసే యాంకర్ల సంగతి

నేను ఒంగోలులో ఫిజియోథెరపిస్టుని. యాంకర్ అంటే భుజంలో ఊడిన పట్టీని దారంతో మళ్లీ కట్టడానికి ఎముకలో దించే చిన్న మేకు లాంటిది. భుజం ఆపరేషన్‌కి ముందు నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఒకటే అడుగుతారు: "టైటానియం వేయించుకోమంటారా, కరిగిపోయేది వేయించుకోమంటారా?" మొన్న కొండపి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఇంకా సూటిగా అడిగింది. ఏళ్ల తరబడి పొగాకు బ్యారన్లలో ఆకు కర్రలు పైకి అందించిన చెయ్యి ఆమెది. ఇప్పుడు రెక్క లేవడం లేదు. "అబ్బయ్యా, ఎముకలో మేకు కొడతారంట గదా. అది ఊడొస్తే?"

ఊళ్లో "నరం తెగింది" అంటారు గానీ అది నరం కాదు. కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే పట్టీ, టెండన్. అది ఎముక మీద నుంచి ఊడిపోతే మళ్లీ అక్కడికే లాగి కట్టాలి. పశువుల కొట్టం లెక్కలో చెప్పాలంటే టెండన్ ఎద్దు, దారం పలుపు, యాంకర్ గుంజ. పెద్దమ్మకి ఇలా చెప్పగానే ఆమే అందుకుంది: "అయితే గుంజ సంగతి తర్వాత, నేల ఎట్టుందో చూడాలి."

ఈ పోలిక నా సొంతమేమీ కాదు. అమెరికాలో స్టీఫెన్ బర్కార్ట్ అనే భుజం సర్జన్ దక్షిణ టెక్సస్‌లో పశువుల కంచె తీగని నేలలో బిగించి ఉంచిన తీరు చూసి, యాంకర్‌ని కూడా 45 డిగ్రీల వాలుగా, లాగే వైపుకి ఎదురుగా దించితే పట్టు బాగుంటుందని 1995లో రాశాడు. మర ఉన్న యాంకర్లు నిలువుగా దించినా గట్టిగానే నిలుస్తాయని తర్వాతి పరీక్షల్లో తేలింది. పందిరి గుంజని ఏటవాలుగా కొట్టే మనవాళ్లకి మాత్రం ఆయన మాట వెంటనే అర్థమవుతుంది.

ఇక రకాల్లోకి వద్దాం. టైటానియం పాతది, నమ్మకమైనది. మర తిప్పుతూ దించితే ఎముకని గట్టిగా పట్టుకుంటుంది, ఎక్స్‌రేలో ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తుంది. లోపల లోహం ఉంటే ఎమ్మారై తీయరని చాలామంది టెన్షన్ పడతారు. తీస్తారు, టైటానియంతో ప్రమాదం లేదు. కాకపోతే దాని చుట్టూ బొమ్మ చెదిరిపోయి, అతికించిన టెండన్ మళ్లీ చిరిగిందో లేదో చూడాల్సిన చోటే మసకగా వస్తుంది. అసలు భయపడాల్సింది వేరే. యాంకర్ వదులై తల పైకి పొడుచుకొస్తే కీలులోని నున్నటి మృదులాస్థిని గీరేస్తుంది. ఎక్కడో ఆపరేషన్ చేయించుకుని, చెయ్యి తిప్పినప్పుడల్లా లోపల గరగర శబ్దం వస్తోందని నా దగ్గరికి వచ్చిన ఒకాయన్ని చూశాక, ఈ మాట తేలిగ్గా చెప్పలేను. ఆయనకి వెంటనే ఎక్స్‌రే తీయించి సర్జన్ దగ్గరికి పంపాల్సి వచ్చింది.

కరిగిపోయే యాంకర్లు ఆ లోటు తీర్చడానికి వచ్చాయి. మొదట్లో వచ్చిన పాలీగ్లైకాలిక్ యాసిడ్ రకం మరీ తొందరగా కరిగి కీలులో వాపు తెచ్చేది. తర్వాత వచ్చిన పాలీలాక్టిక్ రకం నెమ్మదిది, పూర్తిగా పోవడానికి ఏళ్లు పడుతుంది. "కరిగిపోతుంది" అనగానే ఆ చోట ఎముక నిండిపోతుందనుకుంటాం. అన్నిసార్లూ అలా జరగదు. కొందరిలో ఖాళీ మిగులుతుంది, నీటి తిత్తిలా పెరుగుతుంది కూడా. ఇప్పుడు ఈ కరిగే పదార్థంలో కాల్షియం ఫాస్ఫేట్ కలిపి ఎముక పెరగడానికి ఆసరా ఇచ్చే బయోకాంపోజిట్ రకం ఎక్కువగా వాడుతున్నారు. కరిగేదే కావాలనుకుంటే నేను దీన్నే అడగమంటాను.

పీక్ అనేది గట్టి ప్లాస్టిక్. కరగదు, ఎమ్మారైలో అడ్డు రాదు, రెండో ఆపరేషన్ చేయాల్సి వస్తే దాన్ని డ్రిల్ చేసుకుంటూ పోవచ్చు. ఎముక మాత్రం దానికి అతుక్కోదు.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది చివరి రకం, మొత్తం దారంతోనే చేసిన యాంకర్. ఇందులో మేకే ఉండదు. సన్నని కన్నంలోంచి మెత్తటి దారపు గొట్టాన్ని లోపలికి దించి వెనక్కి లాగితే, అది ముడుచుకుని ఉండలా మారి, ఎముక పైపొర కింద అడ్డం పడుతుంది. గోతానికి కన్నం చేసి తాడు దూర్చి లోపల ముడేసినట్టు. చిన్నవాటికి ఒకటిన్నర మిల్లీమీటరు అటూ ఇటూ కన్నం చాలు. మామూలు భుజం స్క్రూ యాంకర్లు 4.5, 5.5 మిల్లీమీటర్ల లావుంటాయి.

కబడ్డీ ఆడి పదే పదే గూడ జారే కుర్రాళ్లకి ఈ సన్నదనమే లాభం. భుజం గిన్నె అంచు చిన్నది, అక్కడ మూడు నాలుగు యాంకర్లు వరసగా వేయాలి. పెద్ద కన్నాలైతే తపాలా బిళ్లల మధ్య కన్నాల వరసలా తయారై, మళ్లీ పడితే అంచు ఆ వరస వెంబడే విరిగే ప్రమాదం ఉంది. అందుకే ఇరవై ఏళ్ల కుర్రాడి గట్టి ఎముకకి నా ఓటు దారం యాంకర్‌కే.

పెద్దమ్మ సంగతి వేరు. దారం యాంకర్ బతికేది ఎముక పైపొర మీద. ఆమె వయసులో, ఎముక గుల్లబారిన ఆడవాళ్లలో ఆ పొర పలచబడుతుంది. ఇసుక నేలలో గుంజ పాతినట్టే. అలాంటి చోట కాస్త లావుపాటి మర ఉన్న యాంకర్ మేలు, అది బయోకాంపోజిటైనా సరే, పీక్ అయినా సరే, టైటానియమైనా సరే. అసలు యాంకరే లేకుండా ఎముకకే కన్నాలు చేసి దారం దూర్చి కట్టే పాత పద్ధతి కూడా ఉంది. ఖర్చు తక్కువ, చెయ్యి తిరిగిన సర్జన్ చేస్తే చిన్నచూపు చూడాల్సిన పని కాదు.

దారానికి ముడి వేసే యాంకరా, ముడి లేకుండానే దారాన్ని బిగించే యాంకరా అన్నది సర్జన్ అలవాటుకి వదిలేయండి.

రోగికి చివరికి దక్కే ఫలితంలో లోహానికీ కరిగేదానికీ పెద్ద తేడా లేదని వీటిని పోల్చిన అధ్యయనాలు చాలా వరకు చెబుతున్నాయి. అతుకు విఫలమైనప్పుడు ఎక్కువసార్లు గుంజ ఊడదు, దారం టెండన్‌ని కోసుకుంటూ బయటికొస్తుంది. అంటే పలుపు బాగానే ఉంది, గుంజా బాగానే ఉంది, ఎద్దు చర్మమే చిరిగింది. చిరుగు ఎంత పెద్దది, కండరం కొవ్వు పట్టిందా, షుగర్ అదుపులో ఉందా, పొగ తాగుతారా అన్నవి యాంకర్ ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు. ఖరీదైనది వేయించుకున్నాం గదా అని మూడో వారంలోనే స్లింగ్ (చెయ్యి కదలకుండా మెడకి వేలాడదీసే పట్టీ) తీసేసి బిందె ఎత్తిన వాళ్లని చూశాను. నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్ ఉండాల్సిందే. టెండన్ ఎముకకి పట్టుకోవడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది, బరువు పనికి నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలి.

ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకునేవాళ్లు యాంకర్ ఖర్చు అందులో వస్తుందా, ఎన్ని వస్తాయి అన్నది ఆసుపత్రిలో ఆ పథకం చూసే సిబ్బందిని ముందే అడగండి. యాంకర్ పెట్టె మీది స్టిక్కర్‌ని డిశ్చార్జి కాగితాలకి అంటించి ఇమ్మనండి. కంపెనీ, రకం, సైజు, లాట్ నంబరు అందులోనే ఉంటాయి. పదేళ్ల తర్వాత మళ్లీ ఆ భుజం తెరవాల్సి వస్తే, లోపల ఏముందో సర్జన్‌కి చెప్పేది ఆ కాగితమే.

పెద్దమ్మ వచ్చే నెల ఆపరేషన్‌కి ఒప్పుకుంది. ముందు ఎముక సాంద్రత పరీక్ష చేయించమని కాగితం మీద రాసి ఇచ్చాను. సీజన్‌కి చెయ్యి బాగుపడితే ఆకు అల్లడానికి కూర్చుంటుంది గానీ, కర్ర మాత్రం పైకి అందించదని ఆమె కొడుకు దగ్గర మాట తీసుకున్నాను.