వీణకీ బ్రాండుకీ సంబంధం కుదిర్చే యాప్: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

సంగీతం చేసేవాళ్లనీ, ప్రకటనలకి సంగీతం కావలసిన కంపెనీలనీ కలిపే యాప్ ఇది. పేరు రాయను, ఎందుకో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, పగలు ఐటీ ఉద్యోగం, రాత్రి వీధి సద్దుమణిగాక వీణ. రెండున్నరేళ్లలో దీని ద్వారా పదకొండు పనులు చేశాను.

చేరిన రోజే నవ్వొచ్చింది. వాయిద్యాల జాబితాలో యుకులేలే కూడా ఉంది, వీణ లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దు తొలిచి చేసిన ఏకాండి వీణ నాది. దాన్ని 'ఇతరాలు' కింద నమోదు చేశాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

మొదటి ఆర్నెల్లూ కన్నడ ప్రకటనలే వచ్చాయి. నా పిన్‌కోడ్ చూసి యాప్ అలా లెక్కేసుకుంది. నాకేమో 'స్వల్ప అడ్జస్ట్ మాడి' దాటి కన్నడం రాదు. యూట్యూబ్ లెక్కలు జోడించాక గానీ నన్ను వినేవాళ్లు విశాఖ, విజయవాడ వైపు ఎక్కువని దానికి అర్థం కాలేదు. అప్పట్నుంచి నెయ్యి, పచ్చళ్లు, పట్టుచీరలు వరసకట్టాయి. ఈ విషయంలో మాత్రం మెచ్చుకోవాల్సిందే. ఉద్యోగం చేసుకుంటూ నేనే ఫోన్లు కొట్టుకుంటే ఇందులో రెండు పనులు కూడా దొరికేవి కావు. పెళ్లిళ్ల పేరయ్యకి ఇచ్చినట్టు యాప్‌కి 15 శాతం ఇస్తున్నా పెద్దగా బాధ లేదు.

బాధంతా ఒప్పందం దగ్గర. మొదటి పని ఒక కాఫీపొడి కంపెనీది. మోహన రాగంలో ముప్పై సెకన్ల బాణీ, 12 వేలు. ఆనందంలో చివరి స్క్రీన్ చదవకుండా 'అంగీకారం' నొక్కేశాను. అక్కడ 'వాడుక హక్కులు: శాశ్వతం, ప్రపంచమంతటా' అని ముందే టిక్ పెట్టి ఉంది. రెండేళ్ల తర్వాత సంక్రాంతికి ఊరెళ్తే, సూపర్‌మార్కెట్ స్పీకర్లో నా బాణీ వినిపించింది. పిన్ని సంబరపడి "ఎంతిస్తున్నారే?" అంది. ఏం చెప్పను?

కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే 5 ఏళ్లు, ప్రాంతం లేకపోతే భారతదేశం వరకే అని లెక్క. నా కాగితంలో రెండూ రాసేసుకున్నారు కాబట్టి అది నాకు అక్కరకు రాలేదు. ఇంకోటి కూడా ఆలస్యంగా తెలిసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార ఖాతాలకి సినిమా పాటలు చాలావరకు అందుబాటులో ఉండవు. కంపెనీలు మనలాంటివాళ్ల కొత్త బాణీల కోసం తిరిగేది అందుకే. అవసరం వాళ్లదైతే నేనెందుకు మొహమాటపడ్డానో ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు ఆ టిక్ తీసేసి 'ఏడాది, సోషల్ మీడియా వరకే' అని రాసి పంపుతాను. సగం మంది వెళ్లిపోతారు. మిగిలిన సగం మారు మాట్లాడకుండా ఒప్పుకుంటారు, అదే విచిత్రం.

డబ్బుల సంగతి. 45 రోజులన్నారు, ఒకసారి 97వ రోజున పడ్డాయి. సపోర్ట్‌లో అడిగిన ప్రతిసారీ "ప్రాసెస్‌లో ఉంది మేడమ్". ఆఫీసులో ఒక అన్నయ్య చెబితే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) చేయించుకున్నాను. ఆన్‌లైన్లో ఉచితం. ఆ నంబరు బిల్లు మీద వేస్తున్నప్పటి నుంచి 40 రోజులు దాటలేదు. చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు చెల్లించకపోతే, చెల్లించేదాకా ఆ ఖర్చుని కంపెనీ పన్ను లెక్కలో తగ్గించి చూపించుకోలేదు. 2024 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. ఆ వేగం నా వీణ మీద ప్రేమతో వచ్చింది కాదన్నమాట.

డబ్బుకి బదులు వస్తువులిస్తామంటే జాగ్రత్త. ఒకసారి 28 వేల స్పీకర్ ఇస్తామన్నారు. ఏడాదిలో ఒకే కంపెనీ నుంచి అలా వచ్చేవాటి విలువ 20 వేలు దాటితే 10 శాతం పన్ను, 2022 జులై నుంచి. వస్తువు చేతికిచ్చే ముందే 2,800 కట్టమన్నారు. ఇంట్లో ఉన్న స్పీకర్ చాలనుకుని వద్దన్నాను.

షూటింగుల గురించి యాప్‌లో ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఇందిరానగర్ స్టూడియోలో లైట్ల కింద మూడు గంటలు కూర్చోబెడితే వీణ మెట్ల (తీగని నొక్కే లోహపు పట్టీల) కింద మైనం మెత్తబడి రెండు మెట్లు జరిగాయి. శ్రుతి పోయింది. వాళ్లకి తేడా తెలియలేదు, వీడియో అలాగే వెళ్లింది. మెట్లు మళ్లీ వేయించిన ఖర్చు నాదే. ఇప్పుడు ఆడియో ఇంట్లో ముందే రికార్డు చేసి పంపుతాను, అక్కడ వేళ్లు కదుపుతాను.

ప్రస్తుతం ఇదే యాప్‌లో ఒక అగరుబత్తి కంపెనీతో మాటలు నడుస్తున్నాయి. నేను ఏడాది అన్నాను, వాళ్లు మూడేళ్లంటున్నారు. నిన్న రాత్రి నుంచి జవాబు లేదు.