జిమ్నీకి లిఫ్ట్, కొత్త టైర్లు: మారేడుమిల్లి నుంచి అరకు దాకా

ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండి) కొన్నవాళ్లు ముందుగా అడిగేది లిఫ్ట్ కిట్ గురించే, అంటే స్ప్రింగులు, షాకులు (షాక్ అబ్జార్బర్లు) మార్చి బండి ఎత్తు పెంచే సామాను గురించే. టైర్ల సంగతి ఎత్తితే ఎవరికీ అంత హుషారు ఉండదు. మా ఐదు డోర్ల మారుతి జిమ్నీకి రెండూ మార్పించి, చలికాలంలో రాజమండ్రి మీదుగా మారేడుమిల్లి, లంబసింగి, పాడేరు, అరకు తిరిగొచ్చాక నా అభిప్రాయం ఇది: చేతిలో ఉన్న డబ్బు ఒకదానికే సరిపోతే టైర్లు కొనండి.

కంపెనీ ఇచ్చే టైరు 195/80 ఆర్15 (వెడల్పు మిల్లీమీటర్లలో, పక్క గోడ ఎత్తు అందులో శాతంగా, రిమ్ము అంగుళాల్లో). ఎత్తు 693 మిల్లీమీటర్లు. మేం వేయించినవి 215/75 ఆర్15 ఆల్ టెరైన్ (తారుకీ, మట్టికీ, రాళ్లకీ పనికొచ్చే) టైర్లు, ఎత్తు సుమారు 704. బండి నేల నుంచి లేచింది ఐదు మిల్లీమీటర్లే, స్పీడోమీటరు తేడా ఒకటిన్నర శాతం. 235/75 వేస్తే 20 మిల్లీమీటర్లు లేస్తుంది కదా అంటారు. లేస్తుంది. కానీ స్పీడోమీటరు దాదాపు ఆరు శాతం తక్కువ చూపిస్తుంది, ఒకటిన్నర లీటరు ఇంజిన్ ఘాట్ రోడ్డులో ప్రతి మలుపుకీ గేరు దించమంటుంది. మాకు కావలసింది ఎత్తు కాదు, రాళ్లకు కోసుకుపోని పక్క గోడ, బురదలో పట్టు. రిమ్ములు పాతవే ఉంచాం. పదిహేడు అంగుళాల అల్లాయ్ వేస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ రబ్బరు గోడ ఎత్తు తగ్గిపోతుంది. రాళ్ల దారిలో గాలి తగ్గించి నడపాలంటే ఆ గోడే కావాలి.

లిఫ్ట్ 40 మిల్లీమీటర్లు. జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లే (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) కాబట్టి లిఫ్ట్ చేస్తే లేచేది బాడీ మాత్రమే. యాక్సిల్ మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తి పంచే గేర్ల డబ్బా) ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, దాన్ని లేపాలంటే పెద్ద టైరు ఒక్కటే దారి. లిఫ్ట్‌తో బంపర్లు, బండి కడుపు రాయికి తగలకుండా బయటపడతాయి, నిజమే. అయితే ముందు యాక్సిల్ కాస్త తిరిగి క్యాస్టర్ (స్టీరింగ్‌ను మధ్యకు తెచ్చే వంపు) తగ్గుతుంది, హైవే మీద స్టీరింగ్ దానంతటది మధ్యకు రాదు. దానికి క్యాస్టర్ బుష్‌లు వేయించాలి. యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది కాబట్టి సర్దుబాటు చేసుకునే పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్‌ను పక్కకు జరక్కుండా పట్టే కడ్డీ) కావాలి. హెడ్‌లైట్లు కూడా దించి సెట్ చేయించాలి, లేదంటే ఎదుటివాడి తిట్లు తప్పవు. కిట్ ధర చెప్పేటప్పుడు షాపువాళ్లు ఇవేవీ కలపరు. స్ప్రింగుల్లోనూ బరువుకు తగ్గ రకాలుంటాయి. రోజూ ఇద్దరే తిరిగే బండికి లోడు స్ప్రింగులు వేయిస్తే ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. మేం మధ్యరకం వేయించాం.

చట్టం సంగతీ ముందే చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశాలను మార్చకూడదంటుంది, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లూ ఇదే పట్టుకుంటారు.

మారేడుమిల్లిలో అటవీశాఖ ఆధ్వర్యంలో నడిచే వన విహారి కాటేజీల్లో దిగాం. గదులు సాదాసీదాగా ఉంటాయి, చుట్టూ అడవి ఉంది కదా అని వేరే సౌకర్యాలు ఆశించకపోతే చాలా హాయి. వారాంతాల్లో ముందే బుక్ చేసుకోకపోతే దొరకవు. బొంగులో చికెన్ రోడ్డు పక్కన వరసగా అమ్ముతారు. మీ ముందే బొంగు కట్టి నిప్పుల మీద పెట్టే చోట కూర్చోండి, కాల్చి ఉంచినది వద్దు.

మేం వెళ్లింది ముఖ్యంగా గుడిస అనే గడ్డి కొండల కోసం. మారేడుమిల్లి నుంచి పుల్లంగి మీదుగా సుమారు 40 కిలోమీటర్లు. సొంత బండికి అనుమతి ఉందా, ఏ వేళకు వదులుతారు అన్నది చెక్‌పోస్టులో ముందురోజే అడగాలి, నిబంధనలు మారుతుంటాయి. సూర్యోదయానికి అక్కడుండాలంటే చీకట్లోనే బయల్దేరాలి. రాళ్ల ఎక్కుడు మొదలయ్యే చోట టూరిస్టులను తీసుకొచ్చిన ఒక జీపు డ్రైవరు మా టైర్లను బూటుతో తన్ని చూశాడు.

"గాలెంత పెట్టారండీ?"

"ఇరవయ్యారు."

"పద్దెనిమిదికి దించెయ్యండి సార్. బండి ఎలా ఎక్కుతాదో చూద్దురు గాని."

అతనిది కమాను పట్టీల పాత మహీంద్రా. లిఫ్టూ లేదు, కొత్త షాకులూ లేవు, వెనక ఎనిమిది మంది జనం. మేం ఫోర్ లో (నాలుగు చక్రాలనూ నెమ్మదిగా, బలంగా తిప్పే గేరు) వేసి పద్దెనిమిది పీఎస్ఐతో (టైరు గాలి ఒత్తిడి కొలత) ఎక్కాం. అంతకుముందు ఎగిరెగిరి పడ్డ బండి రాయిని పట్టుకుని మెల్లగా పాకింది. పైన గడ్డి కొండల మధ్య మేఘాలు కింద పరుచుకుని ఉంటాయి, ఆ దృశ్యానికి అంత పొద్దున్నే లేవడం దండగ కాదు. అయితే సెలవు రోజుల్లో జనం విపరీతం. మామూలు కారు ఉన్నవాళ్లు మారేడుమిల్లిలో జీపు మాట్లాడుకోవడమే మంచిది. బేరం మాత్రం ఎక్కే ముందే, రానూ పోనూ కలిపి తేల్చుకోండి.

దిగాక గాలి నింపుకోవడానికి డిక్కీలో చిన్న కంప్రెసర్ ఉంచుకున్నాం. పంచరు షాపులు రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకుల్లో ఉన్నాయి, మధ్యలో నమ్ముకోవద్దు. పెట్రోలూ అంతే. జిమ్నీ ట్యాంకు 40 లీటర్లే, ఊరు కనబడగానే నింపేయండి.

రంపచోడవరం నుంచి రాజవొమ్మంగి, కొయ్యూరు, చింతపల్లి దారిలో షాకుల విలువ తెలిసింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం వరసగా పోలీసు స్టేషన్లపై దాడి చేసిన ప్రాంతమిది. ఇప్పుడు ఇది 516ఈ జాతీయ రహదారి. విస్తరణ పనులు జరిగే చోట్ల తారు, కంకర, మట్టి మారిమారి వస్తాయి. పాత షాకులైతే గంటసేపు గుంతలు పడ్డాక వెనక భాగం ఊగడం మొదలుపెట్టేది. ఈసారి అది లేదు. లిఫ్ట్ కిట్‌లో నాకు నచ్చింది ఈ షాకులే, ఎత్తు కాదు.

లంబసింగి మీద నాకు పెద్ద ప్రేమ కలగలేదు. చలి బాగుంది, మంచు బాగుంది, మేం దిగిన టెంటు బాగోలేదు. తడి పరుపు, తెల్లవార్లూ స్పీకర్లు. పేరు అక్కర్లేదు, అక్కడ అలాంటివి చాలా ఉన్నాయి. చింతపల్లిలో గది తీసుకుని తెల్లవారుజామున రావడం నయం. తాజంగి రిజర్వాయరు దగ్గర జనం తక్కువ. చలిలో ఒక సంగతి: ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడితే టైర్లో సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. రాజమండ్రి ఎండలో సరిచూసుకున్న గాలి లంబసింగి తెల్లారికి మూడు నాలుగు తక్కువ చూపిస్తే పంచరనుకుని కంగారు పడకండి.

పాడేరు దగ్గర వంజంగి కొండకి ఏ సస్పెన్షనూ అక్కర్లేదు, బండి కింద వదిలి నడిచి ఎక్కడమే. అరకులో టూరిజం వారి హరిత రిసార్టు కుటుంబాలకు పనికొస్తుంది, భోజనం పరవాలేదు. నన్నడిగితే అనంతగిరి హరిత ఇంకా బాగుంటుంది, కాఫీ తోటల మధ్య నిశ్శబ్దంగా. కటికి జలపాతానికి సొంత బండి తీసుకెళ్లలేదు. బొర్రా దగ్గర జీపు మాట్లాడుకున్నాం, ఆ దారి వాళ్లకి కొట్టినపిండి.

ఇంకా ఒక ఖర్చు మిగిలే ఉంది. మేం మార్పించింది నాలుగు టైర్లే, వెనక తలుపు మీద స్టెప్నీ పాత 195. ఫోర్ వీల్ వేసినప్పుడు ఒక చక్రం సైజు తేడా ఉంటే బరువంతా గేర్‌బాక్స్ మీదా యాక్సిళ్ల మీదా పడుతుంది, అందుకని పంచరు పడితే టూ వీల్‌లోనే నడపాలి. గుడిస లాంటి చోట అది కుదరదు. మళ్లీ వెళ్లేలోపు ఐదో టైరు కొనాలి.