ప్లాంటాజెనెట్ రాజుల వాకింగ్ టూర్: వెళ్లొచ్చు, కానీ మొదటి ఎడ్వర్డ్ దగ్గర జాగ్రత్త

మధ్యయుగాల్లో ఇంగ్లండ్‌ని ఏలిన ప్లాంటాజెనెట్ వంశం రాజుల మీద లండన్‌లో ఓ చిన్న సంస్థ నడిపే టూర్ ఇది. టెంపుల్ చర్చి దగ్గర మొదలై, చేరింగ్ క్రాస్ మీదుగా పార్లమెంట్ వైపు నడిపించి, రాజుల సమాధులున్న పెద్ద చర్చి, వెస్ట్‌మిన్‌స్టర్ అబే లోపల ముగిస్తారు. ముందే చెప్పేస్తున్నా, 5కి మూడున్నర ఇస్తాను. అబే ప్రవేశ టికెట్ ఇందులో కలవదు, విడిగా కొనుక్కోవాలి, ఆ సంగతి బుకింగ్ పేజీలో ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, కాబట్టి ధర చూసి చవక అనుకోకండి.

1154లో రెండో హెన్రీతో మొదలై 1485లో మూడో రిచర్డ్ బోస్‌వర్త్ యుద్ధంలో చనిపోయేదాకా 331 ఏళ్లు, 14 మంది రాజులు. ఇంత కథని ఒక్క పూటలో చెప్పాలంటే ఏది వదలాలో తెలిసిన గైడ్ కావాలి. మా గైడ్‌కి మొదటి గంటలో అది బాగా తెలుసు. టెంపుల్ చర్చిలో రాజుల జోలికి వెళ్లకుండా నేరుగా విలియం మార్షల్ అనే యోధుడి రాతి విగ్రహం ముందు నిలబెట్టి, మొత్తం కుటుంబాన్ని ఈయన వైపు నుంచి చెప్పాడు. నాకు బాగా నచ్చింది. రెండో హెన్రీ మీద 1173లో సొంత కొడుకులే తిరగబడటం, వాళ్లని వెనకేసుకొచ్చిందని భార్య ఎలియనోర్‌ని అతను ఏళ్ల తరబడి బంధించి ఉంచడం, చివరికి 1189లో రిచర్డ్ తండ్రి మీదికే సైన్యంతో రావడం, ఇదంతా ఉమ్మడి కుటుంబంలో పంపకాల గొడవే, కాకపోతే పంచుకునేది సగం ఫ్రాన్స్. మార్షల్ వీళ్లందరి దగ్గరా పనిచేశాడు. 1215 జనవరిలో బారన్లు (పెద్ద భూస్వాములు) హక్కుల పత్రం కావాలని రెండో హెన్రీ చిన్న కొడుకు జాన్ రాజుని నిలదీసినప్పుడు అతను బస చేసింది ఈ టెంపుల్‌లోనే. అదే ఏడాది జూన్‌లో రన్నీమీడ్ దగ్గర ఆ పత్రానికి, అంటే మాగ్నా కార్టాకి ఒప్పుకున్నాడు, ఆగస్టుకల్లా పోప్ దాన్ని రద్దు చేసేశాడు. 1216లో జాన్ పోయాక అతని కొడుకు, తొమ్మిదేళ్ల మూడో హెన్రీ పేరు మీద దాన్ని మళ్లీ జారీ చేయించింది రీజెంట్‌గా (చిన్న రాజు తరఫున పాలించేవాడిగా) ఉన్న మార్షలే. ఆ పత్రం బతికి బట్టకట్టిందంటే జాన్ పుణ్యం కాదన్నమాట. ఈ ముక్క చెప్పినందుకు గైడ్‌కి ఫుల్ మార్కులు.

చేరింగ్ క్రాస్ దగ్గరికొచ్చేసరికి వ్యవహారం చెడింది. మొదటి ఎడ్వర్డ్ భార్య, కాస్టీల్ ఎలియనోర్, 1290 నవంబర్‌లో లింకన్ దగ్గర చనిపోతే, శవయాత్ర ఆగిన ప్రతిచోటా రాజు ఒక శిలువ స్తంభం కట్టించాడు, మొత్తం 12. స్టేషన్ ముందున్నది విక్టోరియా కాలంలో కట్టిన కొత్తది, అసలుది 1647లోనే కూలగొట్టారు. గైడ్ ఇక్కడ చాలాసేపు నిలబెట్టి, ఎంత ప్రేమ, ఎంత ప్రేమ అంటూ కరిగిపోయాడు. సరే, ప్రేమ నిజమే. కానీ అదే 1290లో, జులైలో, ఇదే ఎడ్వర్డ్ ఇంగ్లండ్‌లో ఉన్న యూదులందరినీ దేశం విడిచి పొమ్మని ఆజ్ఞ ఇచ్చాడు, దానికి ప్రతిఫలంగా పార్లమెంట్ నుంచి భారీ పన్ను రాబట్టుకున్నాడు. యూదులు మళ్లీ బహిరంగంగా ఉండగలిగింది 1656 తర్వాతే. ఎలియనోర్ కూడా తక్కువేం కాదు, యూదుల దగ్గరున్న అప్పుపత్రాలు చేజిక్కించుకుని వాటి మీద ఎస్టేట్లు కూడగట్టింది. వీటి గురించి ఒక్క ముక్క లేదు. నేను అడిగితే "అది పెద్ద సబ్జెక్ట్" అని నవ్వేసి ముందుకు నడిచాడు. టైం లేదంటే అర్థం చేసుకుంటాను, కానీ శిలువల గురించి అంతసేపు చెప్పిన మనిషికి టైం లేకపోవడం ఏంటి?

వెస్ట్‌మిన్‌స్టర్ హాల్ బయటి నుంచే. రెండో రిచర్డ్ వేయించిన చెక్క పైకప్పుని ట్యాబ్‌లో ఫొటోగా చూపించారు. ఆ హాల్లోనే 1399లో అతన్ని గద్దె దించారన్న మాట చెప్పి ముందుకు కదిలారు.

అబే లోపల మాత్రం పెట్టిన డబ్బులు వచ్చేశాయి. 1245 నుంచి ఈ చర్చిని మళ్లీ కట్టించింది మూడో హెన్రీ, అతని సమాధి కూడా ఇక్కడే. వీళ్లకన్నా ముందటి రాజు, సెయింట్‌గా కొలిచే ఎడ్వర్డ్ ది కన్ఫెసర్ మందిరం చుట్టూ ఈ వంశం రాజులు ఐదుగురు ఉన్నారు. భార్యకి బంగారు పూత పూసిన కంచు విగ్రహం చేయించిన మొదటి ఎడ్వర్డ్ తనేమో విగ్రహం కూడా లేని నల్లటి రాతి పెట్టెలో ఉన్నాడు. రెండో రిచర్డ్, అతని భార్య ఆన్ రాణి విగ్రహాలు చేతులు పట్టుకుని ఉండేలా చేశారు, ఇప్పుడు ఆ చేతులు లేవు. ఆమె 1394లో షీన్ ప్యాలెస్‌లో ప్లేగుతో పోయిందని ఆ ప్యాలెస్‌నే పడగొట్టించిన మనిషి అతను. ఐదో హెన్రీ విగ్రహానికి వెండి తల 1546లో దొంగిలించారు, 1971లో రెసిన్ తల పెట్టారు. ఇవి గైడ్ చెప్పకపోతే నేను పక్కనుంచి నడిచి వెళ్లిపోయేవాణ్ణి. చిక్కేమిటంటే, ఆ మందిరం నేల ఎత్తుగా ఉంటుంది, కింది నడవాలోంచి మెడ సాచినా పడుకుని ఉన్న విగ్రహాలు సరిగా కనపడవు. హెడ్‌సెట్ గరగర ఒకటి అదనం.

చివర్లో ఈ వంశంలోని లాంకాస్టర్, యార్క్ శాఖల గొడవలన్నీ, అంటే గులాబీ యుద్ధాలు, ఒక్క గుక్కలో కానిచ్చేశారు. 2012లో లెస్టర్ కార్ పార్కింగ్ కింద మూడో రిచర్డ్ ఎముకలు దొరికిన కథ కూడా దాదాపు గేటు దాటుతూ చెప్పారు. గులాబీ యుద్ధాల కోసమే వెళ్లేవాళ్లయితే ఇది మీ టూర్ కాదు.

కన్ఫెసర్ మందిరం లోపలికి వెళ్లి సమాధుల్ని దగ్గర్నుంచి చూడాలంటే అబే వాళ్ల వెర్జర్ (చర్చి పనులు చూసే ఉద్యోగి) చూపించే టూర్ విడిగా తీసుకోవాలి, టెంపుల్ చర్చి మీ అంతట మీరే చూసుకుని ఆ డబ్బు దానికి పెట్టినా నష్టం లేదు. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు అబే ప్రార్థనలకి తప్ప సందర్శకులకి తెరవరు.