బబుల్ టిప్ ఎనిమోన్‌తో నాలుగేళ్లు: తిండి తగ్గించాకే తేరుకుంది

బబుల్ టిప్ ఎనిమోన్ అంటే రాయికి అతుక్కుని ఉండే సముద్రజీవి. నోటి చుట్టూ దానికి వేళ్లలాంటి టెంటకిల్స్, వాటి కొనల్లో బుడగలు ఉంటాయి. మొదటి ఏడాది మా ఇంటి ట్యాంక్‌లోని ఎనిమోన్‌కి నేను పెట్టిన తిండి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రోజు విడిచి రోజు బొటనవేలంత రొయ్య ముక్క! టెంటకిల్స్‌కి తగలగానే అవన్నీ ఒక్కొక్కటిగా ముడుచుకుంటూ ముక్కని నోటి దగ్గరికి జరుపుతుంటే పసిపిల్లకి గోరుముద్దలు తినిపించినంత సంబరంగా ఉండేది. తెల్లారి చూస్తే అదే ముక్క తెల్లటి జిగురు చుట్టుకుని రాయి పక్కన పడి ఉండేది. తినలేక కక్కేసిందని అర్థం కావడానికి నాకు చాలా నెలలు పట్టింది. ఈలోగా నీళ్లలో నైట్రేట్ (కుళ్లిన వ్యర్థాల నుంచి చేరే లవణం) పెరిగింది, రాళ్ల మీద పాచి పట్టింది, ఎనిమోన్ మాత్రం అంగుళం పెరగలేదు.

నాది 200 లీటర్ల ట్యాంక్. ఉప్పునీళ్లు పోసి, రాళ్లు సర్ది, ఎనిమిది నెలలు నడిపాకే దీన్ని తెచ్చాను. నేను చేసిన మంచి పని బహుశా అదొక్కటే. అంతకుముందు రెండో నెలలోనే పసుపుపచ్చగా మెరిసిపోతున్న ఒకదాన్ని ముచ్చటపడి కొన్నాను. అది రంగు పట్టించిన జీవి. అసలు ఒళ్లు తెల్లగా పాలిపోయి ఉంది. నెల తిరక్కుండానే పోయింది.

ఆ తెలుపు ఎందుకు ప్రమాదమో తెలిస్తే తిండి సంగతి దానంతటదే తెలుస్తుంది. ఎనిమోన్ కణాల్లో సూక్ష్మమైన ఆల్గే (నాచులాంటి జీవి) కాపురం ఉంటుంది. వెలుతురుతో అది తయారుచేసుకునే ఆహారంలో చాలా భాగం ఎనిమోన్‌కే చెందుతుంది. ఒంటికి ఆ గోధుమ ఛాయ ఇచ్చేదీ అదే. అది వెళ్లిపోతే ఒళ్లు తెల్లబడి ఆకలితో మాడుతుంది. అంటే దీనికి లైటే అన్నం, మనం పెట్టే రొయ్య నంజుకునేది. నేను నంజుకునేది గుట్టలుగా పోసి, అన్నం మాత్రం పిడికెడు పెట్టాను. మొదట్లో నా లైటు చేపలకి సరిపోయేదే. దాని కింద ఎనిమోన్ సన్నగా, పొడుగ్గా సాగి పైకి పాకేది.

రీఫ్ ట్యాంకులకి (పగడాలు పెంచే ట్యాంకులకి) వాడే ఎల్ఈడీ పెట్టాక బాగుపడింది. అదీ వెంటనే కాదు. తొలిరోజే నూరు శాతం వెలుగు పెట్టేసరికి రాతి సందులోకి దూరి రెండు రోజులు బయటికి రాలేదు. నలభై శాతానికి దించి, మూడు వారాల్లో మెల్లగా పెంచాల్సి వచ్చింది.

ఇప్పుడు పదిరోజులకోసారే తిండి. బఠాణీ గింజంత రొయ్య ముక్క, లేదంటే చిటికెడు మైసిస్ (రొయ్యలాంటి చిట్టి జీవులు). ఫ్రోజెన్ ముక్కని కాసిని ట్యాంక్ నీళ్లలో కరగనిచ్చి, ఆ నీళ్లు పారబోస్తాను. పంపులు ఆపి, పొడుగాటి పట్టకారుతో ముక్కని టెంటకిల్స్‌కి ఆనిస్తాను. నోట్లోకి మాత్రం తొయ్యను. అతుక్కుంటే ఆకలున్నట్టు, జారిపోతే ఆ రోజుకి వద్దన్నట్టు. ట్యాంక్‌లో పెంచే క్లీనర్ రొయ్య ఉంటే మాత్రం కాపలా కాయాల్సిందే, నోటి దగ్గరి కూడు లాక్కుపోతుంది దొంగముండ. దానికి ముందే ఓ ముక్క పడేసి మూలన కూర్చోబెడతాను. ఎనిమోన్‌ని ఇల్లు చేసుకునే క్లౌన్ ఫిష్ జంట ఇందులో చేరడానికి రెండున్నర నెలలు తీసుకుంది. ఇప్పుడు పెద్దది తనకి వేసిన ముక్కని కూడా తెచ్చి ఇందులో పెడుతుంది, నేను పెట్టకపోయినా.

భయపెట్టే సంగతి ఒకటుంది. అప్పుడప్పుడూ ఇది గాలి తీసిన బెలూన్‌లా ముడుచుకుపోయి, నోట్లోంచి గోధుమరంగు జిగురు వదులుతుంది. లోపలి వ్యర్థాన్ని వదిలించుకోవడమే అది, వచ్చిన దారినే పోవాలి మరి. మొదటిసారి చూసి చచ్చిపోయిందనుకుని బకెట్ తెచ్చాను. కొన్ని గంటల్లో మళ్లీ విప్పుకుంటే భయం లేదు. నోరు వెడల్పుగా తెరుచుకుని, లోపలి భాగం బయటికి వచ్చి, టెంటకిల్స్ దేనికీ అంటుకోకపోతే మాత్రం ఆలోచించకుండా తీసెయ్యాలి. కుళ్లడం మొదలైతే అమ్మోనియా పెరిగి మిగతా చేపల్ని కూడా తీసుకుపోతుంది.

ఇంకో గండం వేవ్‌మేకర్, అంటే నీళ్లలో అలలు పుట్టించే పంపు. నచ్చిన చోటు దొరికేదాకా ఇది నడుస్తుంది, అదీ ఎక్కువగా రాత్రిపూట. ఒకరోజు పొద్దున్న చూస్తే అంచు వేవ్‌మేకర్ జల్లెడలో ఇరుక్కుని ఉంది. లాగలేదు. మోటారు ఆపి కూర్చున్నాను. సాయంత్రానికి దానంతటదే వదిలింది, నాలుగైదు టెంటకిల్స్ మాత్రం చిరిగాయి. ఆ రోజు నుంచి ప్రతి పంపుకీ స్పాంజ్ తొడుగే. వారానికోసారి అది ఉతకడం పెద్ద చాకిరీ.

నీళ్ల సంగతి క్లుప్తంగా: ఉప్పునీటి సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.025, వేడి 26 డిగ్రీలు, ఆవిరైనంత మేర రోజూ ఆర్‌ఓ నీళ్లు. రాగి కలిసిన చేపల మందు ట్యాంక్‌లో వేశారంటే ఎనిమోన్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

మూడో ఏడు ఒకేసారి సగం నీళ్లు మార్చాను. వారంలో నిలువునా చీలి రెండైంది. సంబరపడ్డాను గానీ, ఒత్తిడికి గురైనా ఇవి ఇలా చీలతాయి. కొనల్లో బుడగలు అప్పుడే పోయాయి, మళ్లీ రాలేదు. రెండూ నిక్షేపంగా ఉన్నాయి కాబట్టి పట్టించుకోవడం మానేశాను. ఆయుష్షుకైతే ఢోకా లేదు. వీటి చుట్టమే, స్కాట్లండ్ తీరంలో 1828లో దొరికిన ఒక ఎనిమోన్ మనుషుల సంరక్షణలో 1887 దాకా బతికింది.

నా ఫిర్యాదు ఒకటే, చోటు. పెద్దది విప్పుకుంటే ముప్పై సెంటీమీటర్లు. తగిలినంత మేర కోరల్‌ని (పగడాన్ని) కాల్చేస్తుంది. హ్యామర్ కోరల్ ఒకవైపు కొమ్మలన్నీ అలాగే పోయాయి. ఎనిమోన్‌నే కదిలిద్దామని రాయికి అతుక్కునే పాదానికి మంచుముక్క ఆనించి చూశాను, ఇంకా లోపలికి దిగబడింది. పాదం చిరిగితే బతకదని ఆగిపోయి, చివరికి కోరల్‌నే అవతలి గోడకి జరిపాను. నిన్న చూస్తే రెండోది అటే నడుస్తోంది.